ఆ తెల్లపిట్ట గల్లా, టెర్నా? సీమ రిజర్వాయర్ల దగ్గర తేల్చుకోవడం ఎలా

గల్ (సముద్రపు ఒడ్డున ఎక్కువగా కనిపించే తెల్లటి నీటిపిట్ట) పేరు ఎత్తగానే విశాఖ బీచో, కాకినాడ రేవో గుర్తొస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప వాళ్లకు వాటితో పనేముంది అనిపిస్తుంది. కానీ నవంబరు నుంచి మార్చి దాకా సుంకేసుల బ్యారేజీ దగ్గరో, మైలవరం కట్ట మీదో, పెన్న అహోబిలం రిజర్వాయర్ ఒడ్డునో బైనాక్యులర్ పట్టుకుని నిలబడితే ఈ సమస్య ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. నీళ్ల మీద తెల్లటి పిట్ట ఒకటి తిరుగుతుంటుంది. తల తెల్లగా, కంటి వెనక ఒక నల్ల మచ్చ. పుస్తకం తీస్తే అదే పోలికతో నాలుగైదు బొమ్మలు. ఫోన్‌లో యాప్ తెరిస్తే అది రెండు పేర్లు చూపించి ఏదో ఒకటి ఎంచుకోమంటుంది.

సముద్రతీరంలో చూసేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. అక్కడ గల్స్ వందల్లో గుంపుగా నిలబడతాయి. ఇది పెద్దది, అది చిన్నది, దీని ముక్కు లావు, దాని ముక్కు సన్నం అని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. మన రిజర్వాయర్లకు వచ్చేవి తక్కువ. ఒక్కోసారి ఒకటే పిట్ట. "కాస్త చిన్నది", "కొంచెం సన్నటి ముక్కు" లాంటి గుర్తులు ఇక్కడ పనికిరావు. దేనికన్నా చిన్నది? అందుకే పక్కన ఇంకో గల్ లేకపోయినా తేల్చగలిగే గుర్తులనే ముందు పట్టుకోవాలి. ఈ వ్యాసంలో గుర్తుల వరస అలా పెట్టిందే. తీరంలో చూసేవాళ్లు ఇంకో వరస చెప్పొచ్చు, వాళ్లకు అదే సరి.

ఏ గుర్తును ఎంత నమ్మాలి

మొదట చూడాల్సింది రెక్క చివర. ఎగిరేటప్పుడు రెక్క కొసలో నలుపు ఎక్కడుంది, తెలుపు ఎక్కడుంది అన్నది. వెలుతురు మారినా, దూరం ఎక్కువైనా, ఒంటరిగా ఉన్నా పెద్దగా మోసం చేయని గుర్తు ఇదొక్కటే. కూర్చున్న పిట్టను అరగంట చూసినదాని కన్నా అది లేచి ఎగిరిన ఐదు సెకన్లలో ఎక్కువ తెలుస్తుంది.

రెండోది సైజు, కానీ కాకితో కొలిచి. మన ఊరి కాకి ముక్కు నుంచి తోక దాకా సుమారు 40 సెం.మీ. ఉంటుంది. చేపలు దించే ప్రతిచోటా కాకులు ఉంటాయి కాబట్టి కొలబద్ద ఎప్పుడూ పక్కనే ఉన్నట్టు. గద్ద, గోరింక కూడా ఈ పనికి పనికొస్తాయి.

మూడోది ముక్కు రంగు, మందం. నాలుగోది కన్ను, అయితే బాగా దగ్గరగా ఉంటేనే.

కాళ్ల రంగును నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. నీళ్లు తగ్గిన రిజర్వాయర్ అంచున నల్లరేగడి బురదలో నడిచిన పిట్ట కాళ్లు ఏ రంగులోనైనా కనిపిస్తాయి.

ఇక తల. అందరూ మొదట చూసేది తలనే, అందుకే ఎక్కువమంది ఇరుక్కునేదీ అక్కడే. గల్స్‌లో రెండింటికి బ్రౌన్‌హెడెడ్ (గోధుమ తల), బ్లాక్‌హెడెడ్ (నల్ల తల) అని పేర్లున్నా ఆ తలరంగు, అంటే ముసుగు, గుడ్లు పెట్టే కాలంలోనే ఉంటుంది. అవి మన దగ్గర ఉండే చలికాలంలో రెండింటి తలా తెలుపే, రెండింటికీ కంటి వెనక మచ్చే. మార్చిలో ముసుగు రావడం మొదలైనప్పుడు సగం తల మాసినట్టు ఉంటుంది, అప్పుడు గందరగోళం ఇంకా ఎక్కువ. తలను చివరికి ఉంచండి.

అసలు గల్లేనా?

సీమలో నీళ్ల మీద తెల్లగా ఎగిరేది కనిపిస్తే అది టెర్న్ (గల్ పోలికతోనే ఉండే ఇంకో నీటిపిట్ట) అయ్యే అవకాశమే ఎక్కువ. కాబట్టి ముందు ఈ ముడి విప్పాలి, ఇది సులువే. టెర్న్ ఎగురుతూ ముక్కు కిందికి వంచి నీళ్లలోకి చూస్తుంది. గల్ ముక్కు ముందుకే ఉంటుంది. గల్ నీళ్ల మీద బాతులా తేలుతూ కూర్చుంటుంది. టెర్న్ దాదాపుగా అలా కూర్చోదు, ఇసుక తిన్నె మీదో, వల కట్టిన గుంజ మీదో వాలుతుంది. గల్ తోక విప్పితే విసనకర్రలా గుండ్రం, టెర్న్ తోక చీలి ఉంటుంది. గల్ నేల మీద బాగా నడుస్తుంది. టెర్న్ కాళ్లు పొట్టి, రెండడుగులు వేయడానికి కూడా ఇబ్బంది పడుతుంది.

జాలర్లు పుట్టి ఒడ్డుకు తెచ్చి వల దులిపేటప్పుడు గమనించండి. పారేసిన చిన్న చేపల కోసం కాకులతో కలబడేది గల్. టెర్న్ ఆ గొడవకు రాదు, తన చేప తానే పట్టుకుంటుంది.

అసలు చిక్కు: బ్రౌన్‌హెడెడా, బ్లాక్‌హెడెడా?

గల్లే అని తేలాక, సైజు కాకి అంతే ఉంటే, ఈ రెండింటి మధ్యే ఆలోచించాలి.

బ్రౌన్‌హెడెడ్ గల్ లడఖ్, టిబెట్, మధ్య ఆసియా ఎత్తైన సరస్సుల దగ్గర పిల్లల్ని చేసి, చలికాలానికి దక్షిణాదికి దిగుతుంది. ఎక్కువ భాగం తీరానికి పోతాయి, కొన్ని లోపలి రిజర్వాయర్ల దగ్గర ఆగిపోతాయి. పొడవు 41 నుంచి 45 సెం.మీ., అంటే కాకి అంత లేదా కాస్త ఎక్కువ. బ్లాక్‌హెడెడ్ గల్ యూరప్ నుంచి తూర్పు ఆసియా దాకా ఉత్తర ప్రాంతాల్లో పెరుగుతుంది. అది 37 నుంచి 43 సెం.మీ. మధ్యలో ఉంటుంది. రెండు కొలతలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కదా, కాబట్టి కాకి కొలబద్ద ఇక్కడ తేల్చదు.

తేల్చేది రెక్క. బ్రౌన్‌హెడెడ్ లేచినప్పుడు రెక్క కొస మొత్తం నల్లగా, వెడల్పుగా కనిపిస్తుంది. ఆ నలుపు లోపల కొసకు దగ్గరగా తెల్ల చుక్కలు, సాధారణంగా రెండు, కిటికీలు పెట్టినట్టు ఉంటాయి. పిట్ట మలుపు తిరిగినప్పుడు ఆ చుక్కలు మెరిసి మాయమవుతాయి. నలుపుకు వెనక, రెక్క మధ్య వైపు, ఇంకో తెల్ల పట్టీ ఉంటుంది. కింద నుంచి చూసినా కొస నల్లగానే ఉంటుంది.

బ్లాక్‌హెడెడ్‌కు దీనికి తలకిందులు. రెక్క ముందు అంచు వెంబడి, మణికట్టు (రెక్క మడతపడే వంపు) నుంచి కొస దాకా, తెల్లటి పొడవాటి త్రికోణం. నలుపు ఉండేది ఈక చివరల్లో సన్నటి అంచుగా మాత్రమే. కింద నుంచి చూస్తే బయటి ఈకలు తెల్లగా, వాటి వెనకవి ముదురు బూడిద రంగులో కనిపిస్తాయి. దూరం నుంచి ఒక్క మాటలో చెప్పాలంటే మొదటిది నల్ల కొస, రెండోది తెల్ల అంచు.

దగ్గరగా దొరికితే కన్ను చూడండి. గుంజ మీద కూర్చున్న ఎదిగిన బ్రౌన్‌హెడెడ్‌ను స్కోపులో (స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణిలో) పట్టారనుకోండి. ఎర్ర ముక్కు, కొసన నలుపు. లేత రంగు కన్ను, మధ్యలో చిన్న నల్లగుడ్డు, చుట్టూ సన్నటి ఎర్రగీత. దానివల్ల మనమేదో బాకీ ఉన్నట్టు గుర్రుగా చూస్తుంది. బ్లాక్‌హెడెడ్ కన్ను నల్లన, ముఖం సాధువుగా ఉంటుంది. ఒకసారి రెండు ముఖాలూ చూసినవాళ్లు మరిచిపోరు. ముక్కు కూడా బ్లాక్‌హెడెడ్‌కు సన్నమే, కానీ ముందే అన్నట్టు ఒంటరి పిట్టలో సన్నమో లావో తెలియదు.

పిల్లలతో మాత్రం జాగ్రత్త. మొదటి చలికాలంలో ఉన్న బ్రౌన్‌హెడెడ్‌కు రెక్క కొసలో తెల్ల చుక్కలు ఉండవు, కన్ను కూడా ఇంకా ముదురుగానే ఉంటుంది. "చుక్కలు లేవు, కన్ను నలుపు, కాబట్టి బ్లాక్‌హెడెడ్" అని చాలామంది రాసేసేది ఇక్కడే. తోక చివర నల్ల పట్టీ, రెక్క మీద గోధుమరంగు మరకలు ఉంటే అది పిల్ల అని గుర్తు. అప్పుడు చుక్కల్ని వదిలేసి ఒకటే అడగండి: ముందు అంచు తెల్లగా ఉందా, నల్లగా ఉందా? బ్లాక్‌హెడెడ్ పిల్లకైనా ఆ అంచున తెలుపు కనిపిస్తుంది. బ్రౌన్‌హెడెడ్ పిల్లకు కొస అంతా నలుపే.

సీమ లోపలి నీళ్ల దగ్గర ఈ రెండింటిలో ఏదని ముందే పందెం కట్టమంటే నేను బ్రౌన్‌హెడెడ్ మీదే కడతాను. అలాగని రెక్క చూడకుండా రాయొద్దు. పందెం వేరు, రికార్డు వేరు.

స్లెండర్‌బిల్డ్ గల్ అని మూడోది ఒకటి ఉంది. దానికీ ముందు అంచు తెలుపే, కన్ను లేతరంగు, మెడా ముక్కూ పొడుగు, నుదురు వాలుగా ఉంటుంది, తలకు ముసుగు ఎప్పుడూ రాదు. అది మన దేశంలో ఎక్కువగా గుజరాత్ వైపు పక్షి. ఇక్కడ కనిపించిందనుకుంటే మంచి ఫొటో లేకుండా ఎవరూ నమ్మరు, నమ్మకపోవడమే న్యాయం.

పెద్దవి వస్తే

ఇది సులువైన భాగం. పక్కనున్న కాకి చిన్నబోయేంత పెద్ద గల్, గద్ద అంత లేదా ఇంకా పెద్దది కనిపిస్తే మొదట పల్లాస్ గల్ అనుకోండి. పొడవు 57 నుంచి 72 సెం.మీ., రెక్కలు చాపితే ఒకటిన్నర మీటరు. లావాటి పసుపు ముక్కు, కొసకు దగ్గర నల్ల పట్టీ, ఎరుపు. కాళ్లు పసుపు. దీనికి ముసుగు ముందే వస్తుంది: జనవరి, ఫిబ్రవరిలోనే తల కారునలుపు కావడం మొదలవుతుంది, కంటికి పైనా కిందా తెల్ల గీతలు. అంత పెద్ద పక్షికి నల్ల తల ఉంటే ఇంక ఆలోచించే పనిలేదు. డిసెంబరులో మాత్రం కంటి వెనక మసిపూసినట్టు ఉంటుంది.

ముసుగు రాని పెద్ద గల్, వీపు ముదురు బూడిద రంగు, ముక్కు పసుపు, కింది దవడ మీద ఎర్ర చుక్క ఉంటే అది హ్యూగ్లిన్ గల్ గుంపుకు చెందినది. దీన్ని లెస్సర్ బ్లాక్‌బ్యాక్డ్ గల్‌లో ఉపజాతిగా లెక్కిస్తున్నారు. స్టెప్, కాస్పియన్ అని దాని పక్కనే ఇంకో రెండు ఉన్నాయి. ఈ పెద్ద గల్స్ పూర్తి రంగులోకి రావడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది, ఏడాదికో వేషం. వీటిని విడదీయడంలో తలపండినవాళ్లే వాదించుకుంటారు. కొత్తవాళ్లు ఆ తలనొప్పి పెట్టుకోవద్దు, "పెద్ద గల్" అని రాసి ముందుకు పోవడమే మేలు.

గల్ వేషంలో ఉండే టెర్న్, మిగతా టెర్న్‌లు

గల్‌బిల్డ్ టెర్న్ నిజంగా మోసం చేస్తుంది. చలికాలంలో తల తెలుపు, కంటి వెనక నల్ల మచ్చ, అచ్చం చిన్న గల్ లాగే. సైజు కూడా 33 నుంచి 43 సెం.మీ. తోక చీలిక కూడా పైపైనే. ఒక్కటి చూస్తే చాలు: ముక్కు. పొట్టిగా, లావుగా, బొగ్గులా నల్లగా ఉంటుంది. మన దగ్గర తిరిగే చిన్న గల్స్‌లో పూర్తిగా నల్ల ముక్కు దేనికీ లేదు.

ఇంకో సంగతి, దీనికి నీళ్లే కావాలని లేదు. కోత అయిపోయిన శనగ చేల మీదో, బీడు మీదో తక్కువ ఎత్తులో అటూ ఇటూ తిరుగుతూ మిడతల్ని, చిన్న తొండల్ని ఎత్తుకుపోతుంది. రిజర్వాయర్‌కు దూరంగా పొలం మీద "గల్" కనిపించిందంటే ముందు దీన్నే అనుమానించండి.

రివర్ టెర్న్ మాత్రం మన సొంత పక్షి, ఏడాది పొడుగునా ఉంటుంది. తుంగభద్ర, కృష్ణ, పెన్న మీద చూడొచ్చు. పసుపు ముక్కు, ఎర్ర కాళ్లు, పొడవుగా చీలిన తోక. ఎండాకాలానికి తల పైభాగం నల్ల టోపీ పెట్టినట్టు అవుతుంది. మే, జూన్‌లో వచ్చి "గల్ చూశాం" అనేవాళ్లు దాదాపుగా చూసేది దీన్నే.

విస్కర్డ్ టెర్న్ చిన్నది, గోరింక కన్నా కాస్త పెద్దది, 23 నుంచి 29 సెం.మీ. చెరువు మీద గుంపులుగా, నీళ్లలో మునగకుండా పైపైన వాలి పురుగుల్ని ఏరుకుంటుంది. సైజు చూస్తే చాలు, దీనికి గల్‌తో గొడవే లేదు.

| పిట్ట | పొడవు (సెం.మీ.) | ముక్కు | ఎగిరేటప్పుడు చూడాల్సింది | ఎప్పుడు |
|---|---|---|---|---|
| బ్రౌన్‌హెడెడ్ గల్ | 41–45 | ఎరుపు, కొస నలుపు | నల్ల కొసలో తెల్ల చుక్కలు | చలికాలం |
| బ్లాక్‌హెడెడ్ గల్ | 37–43 | ఎరుపు, సన్నం | ముందు అంచున తెల్ల త్రికోణం | చలికాలం |
| పల్లాస్ గల్ | 57–72 | లావు, పసుపు, నల్ల పట్టీ | గద్ద అంత పెద్ద ఒళ్లు | చలికాలం |
| గల్‌బిల్డ్ టెర్న్ | 33–43 | లావు, మొత్తం నలుపు | పొలాల మీద కూడా తిరగడం | ఎక్కువగా చలికాలం |
| రివర్ టెర్న్ | 38–46 | పసుపు | పొడవుగా చీలిన తోక | ఏడాదంతా |
| విస్కర్డ్ టెర్న్ | 23–29 | ముదురు, చిన్నది | పొట్టి తోక, పైపైన వాలడం | ఎక్కువగా చలికాలం |

ఎవరు ఎలా చూడాలి

ఇప్పుడే మొదలుపెట్టిన వాళ్లయితే అన్నీ ఒకేసారి నేర్చుకోవాలన్న టెన్షన్ వద్దు. మొదటి చలికాలం రివర్ టెర్న్, విస్కర్డ్ టెర్న్ రెండింటినీ నిద్రలో లేపి అడిగినా చెప్పేలా చూడండి. ఇవి ఇక్కడే దొరికే పక్షులు, ఇవి బాగా తెలిస్తే వాటిలా లేనిది రాగానే కన్ను దానంతటదే పట్టుకుంటుంది. 8x42 బైనాక్యులర్ చాలు. గల్స్ కోసమే స్కోపు కొనడం దండగ, బాతులూ ఉల్లంకులూ కూడా చూస్తానంటే అది వేరే మాట.

కెమెరా ఉన్నవాళ్లది వేరే చిక్కు. నీళ్ల మీద తెల్లపిట్టను మామూలు సెట్టింగ్‌లో తీస్తే ఒళ్లంతా తెల్లగా కాలిపోయి అంచులే మిగులుతాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించండి. ముక్కుమొహం స్పష్టంగా వచ్చిన అందమైన ఫొటో కన్నా, కాస్త మసకగా ఉన్నా రెక్క విప్పిన ఫొటో గుర్తించడానికి ఎక్కువ విలువైనది. పైనుంచి ఒకటి, కింద నుంచి ఒకటి దొరికితే ఇంక ఎవరినీ అడగక్కర్లేదు. పిట్ట లేచేదాకా ఓపిక పట్టండి, దాన్ని లేపడానికి రాయి విసరడం మాత్రం వద్దు. పుట్టి దగ్గరికొస్తే అదే లేస్తుంది.

పక్షుల్ని గుర్తించే మెర్లిన్ లాంటి యాప్‌ల మీద ఆధారపడేవాళ్లకు ఒక మాట. కూర్చున్న గల్ ఫొటో ఇస్తే యాప్‌కూ మనకున్న చిక్కే ఉంటుంది, దానికీ రెక్క కొస కనిపించదు. అది చూపించిన పేర్లను జవాబుగా కాకుండా, పోల్చి చూడాల్సిన జాబితాగా తీసుకోండి.

బడిపిల్లల్ని తీసుకెళ్లే మాస్టర్లకు నా సలహా గల్స్ జోలికి పోవద్దనే. గల్లా టెర్నా అన్న ఒక్క ప్రశ్న చాలు, పిల్లలు పది నిమిషాల్లో పట్టేస్తారు, సంబరపడతారు.

ఎక్కడ, ఎప్పుడు

కర్నూలు వైపు సుంకేసుల, గాజులదిన్నె, శ్రీశైలం వెనక జలాలు. కడప వైపు మైలవరం, గండికోట రిజర్వాయర్లు, ఒంటిమిట్ట చెరువు. అనంతపురం వైపు పెన్న అహోబిలం, మిడ్ పెన్నార్. నిండుకుండలా ఉన్న రిజర్వాయర్ కన్నా నీళ్లు తగ్గి బురద, ఇసుక తేలినది మేలు. పక్షులు నిలబడటానికి చోటు దొరికేది అప్పుడే. సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడే రోజులకు ఆ చుట్టుపక్కల తిన్నెలూ బయటపడతాయి.

పొద్దున్నే పోవాలి, సూర్యుడు వీపు వెనక ఉండేలా ఒడ్డు ఎంచుకోవాలి. పది దాటితే సీమ ఎండకు నీళ్ల మీద సెగ లేచి అన్నీ వణుకుతూ కనిపిస్తాయి, రెక్క చుక్కలు కాదు కదా రెక్కలే లెక్కపెట్టలేం.

మార్చి నుంచి మే దాకా తిన్నెల మీదికి, రిజర్వాయర్ మధ్యలో తేలిన దిబ్బల మీదికి వెళ్లొద్దు. రివర్ టెర్న్‌లు ఉత్త ఇసుకలో గుడ్లు పెట్టే కాలం అది. మనిషి అలికిడికి తల్లి లేచిపోతే ఆ ఎండకు గుడ్లు ఉడికిపోతాయి. అసలే ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్న పక్షుల జాబితాలో దానిపేరు ఉంది. ఫొటో కోసం పుట్టి మాట్లాడుకుని దిబ్బ ఎక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో రికార్డు పెట్టేవాళ్లు, జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొనేవాళ్లు రెక్క చూడలేకపోతే "గల్, జాతి తెలియదు" అనే గడిలోనే రాయండి. ఆ గడి ఉన్నది అందుకే. రెక్క చూసి బ్రౌన్‌హెడెడ్ అని రాస్తే మాత్రం పక్కన వివరాల్లో "నల్ల కొసలో రెండు తెల్ల చుక్కలు, లేత కన్ను" అని ఒక ముక్క చేర్చండి. ఫొటో లేకపోయినా రికార్డు పరిశీలించేవాళ్లు ముందు వెతికేది ఆ ముక్కనే.